సామాన్ల సీటు

తెల్లబట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు చూపు బట్టమీద ఉండాలి గానీ మనుషులమీద ఉండకూడదు. రంగు చొక్కా అయితే కాస్త వేడి ఎక్కువైనా మడతలో కలిసిపోతుంది, తెల్లదైతే పట్టిచ్చేస్తుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను మావారి తెల్ల చొక్కా కాలరు దగ్గర ఉన్నాను. సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని ఫోనులో ద్వీపం ఫోటోలు చూసుకుంటున్న మా ఆడపడుచు, "వదినా, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోవుగా" అంది. ఏమీ అనుకోవుగా అంటూ మొదలైన మాట నా విషయంలో ఏనాడూ సుఖంగా ముగియలేదు. అయినా అలవాటుకొద్దీ చెప్పమన్నాను.

"ఆ లాంచీ గంటకి పైనే పడుతుందట కదా. అలలు కూడా బాగానే ఉంటాయట. నువ్వు తట్టుకోగలవా అని."

మాత్ర వేసుకుంటానన్నాను.

"మాత్రకి ఎప్పుడాగింది కనక?" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, గొంతు తగ్గించింది. "మనవాళ్ళమే అయితే ఏముంది వదినా, మాకు అలవాటే. ఈసారి అన్నయ్య ఆఫీసరుగారి కుటుంబం వస్తోంది కదా. ఆవిడ ముందు..."

ఆవిడ ముందు ఏమిటో నాకు తెలుసు. పేపరు వెనక ఉన్న మావారికీ తెలుసు, కిటికీ దగ్గర గోళ్ళకు రంగు వేసుకుంటున్న మా అమ్మాయికీ తెలుసు. అందుకే ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తిచెయ్యలేదు. మా అమ్మాయి మాత్రం తల ఎత్తకుండా, "అమ్మా, ప్లీజ్. వాళ్ళమ్మాయి మా స్కూలే" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల అంత మెల్లగా, అంత మర్యాదగా నన్నేదైనా అడగడం అదే మొదలు. కాలిన వాసన వచ్చేదాకా నేను ఇస్త్రీపెట్టె ఎత్తలేదు.

"అయ్యో, కొత్త చొక్కా" అంటూ మావారు పేపరు దించారు. అందరూ లేచి వచ్చి కాలరుమీద గోధుమరంగు మచ్చ చూశారు. నా మొహం ఎవరూ చూడలేదు, అదీ ఒకందుకు మంచిదే అయింది. అప్పుడాయన చాలా నెమ్మదిగా, నా మంచి కోరుతున్నట్టే అన్నారు. "నీకే ఇబ్బంది. అంత దూరం వచ్చి గదిలో పడుకోవడం దేనికి? ఎలాగూ అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా." సరేనన్నాను. బల్లమీద ఇంకా ఇస్త్రీ కాని బట్టల్లో అన్నిటికన్నా అడుగున నా తెల్ల చొక్కా ఉంది. దాన్ని అలాగే ఉండచుట్టి బీరువాలో కుక్కేశాను.

ఆ ప్రయాణం మొత్తం నా చేతిమీదుగా తయారైంది. వేసవి సెలవుల్లో ఎక్కడికైనా 'కాస్త స్టైలుగా' వెళ్ళాలన్నది మా ఆడపడుచు కోరిక. ఆమె భర్తది వేరే ఊళ్ళో ఉద్యోగం, అందుకని సెలవు వస్తే మా ఇంట్లోనే ఉంటుంది. ఆ ద్వీపం పేరు కూడా తనే చెప్పింది. పాతకాలపు కోట, దీపస్తంభం, కార్లు పట్టని సన్నని వీధులు, ఒకప్పుడు ఓడల వ్యాపారులు కట్టుకున్న సున్నపు గోడల ఇళ్ళు. అందరూ తెలుపూ, సముద్రపు నీలమూ మాత్రమే వేసుకోవాలని, కోటగోడ ముందు ఫోటోలు దిగాలని ఆజ్ఞ జారీ చేసింది. అక్కడితో ఆమె పని అయిపోయింది. మిగిలిందంతా నాది. లాంచీ ఏ రేవునుంచి, ఏ పూట. ద్వీపంలో సామాను ఎవరు మోస్తారు. కోట ఏ రోజు మూసి ఉంటుంది. మావారికి పడని తలగడలు, మా అమ్మాయికి పడని కూరలు, ఆఫీసరుగారి భార్యకు పడని ఎండ. షాపుకు పోతూ వస్తూ, కుక్కరు కూతకూ కూతకూ మధ్య, ఎంతమందితో ఫోనులో మాట్లాడానో. ఇంట్లో ఎవరడిగినా మావారు, "అంతా మా ఆవిడే చూసుకుంటుంది, తనకివంటే సరదా" అనేవారు. సరదా అన్నమాట ఒకటి తగిలిస్తే పని పనికాకుండా పోతుంది.

అయితే ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఇల్లు వెతకడం నాకు నిజంగానే సరదా. నేను కర్టెన్ల షాపులో పనిచేస్తాను. షాపులో గుడ్డ అమ్మడం కాదు, ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలవడం నా పని. ఫోటోలో కర్టెను కుచ్చిళ్ళు చూస్తే దాని వెనక కిటికీ ఎంత వెడల్పో చెప్పగలను. ద్వీపంలో బస ఇచ్చే ఇళ్ళన్నిటి ఫోటోలూ అలాగే చూశాను. చాలావాటిలో పెద్ద కర్టెన్లు వేసి చిన్న కిటికీల్ని దాచారు. ఒక్క ఇంట్లో, అదొకప్పుడు ఓ ఓడ కెప్టెనుదట, మేడమీద మూలగదికి రెండు గోడలకూ కిటికీలున్నాయి, కర్టెన్లే లేవు. కెప్టెను భార్య అక్కడినుంచి ఓడ వచ్చేది కనిపెట్టేదని రాశారు. నిజమో కాదో నాకనవసరం. ఆ గది మాకని మనసులో రాసిపెట్టేసుకున్నాను. మంచమ్మీద పడుకుంటే ఏ కిటికీలో ఏం కనబడుతుందో కూడా ఊహించుకున్నాను. ఆ ఆదివారం తర్వాత, ఆ గది ఆఫీసరుగారి దంపతులకు ఇస్తే బాగుంటుందని మావారే సలహా ఇచ్చారు.

అన్నీ ప్లాన్ చేసిన దాన్ని, ఒక్కటి మాత్రం ఎన్నడూ ప్లాన్ చెయ్యలేదు. కారులో ఎవరెక్కడ కూర్చుంటారన్నది. అది మా ఇంట్లో ఎవరూ అనుకోరు, దానంతటదే అయిపోతుంది. మావారు నడుపుతారు. పక్కన మా అత్తగారు, మోకాళ్ళ నొప్పులు కదా, కాళ్ళు చాపుకోవాలి. మధ్య వరసలో ఇరుకు లేకుండా ఆడపడుచు, మా అమ్మాయి, ఇద్దరే. వెనక, మడతపెట్టే సీట్లలో ఒకటి విప్పి, రెండోదాంట్లో సూట్‌కేసులు పేర్చి, వాటి పక్కన నేను. దాన్ని మా ఇంట్లో సామాన్ల సీటు అంటారు. అక్కడ కిటికీ అద్దం తెరుచుకోదు. ముందు నాలుగు తలలు తప్ప రోడ్డు కనబడదు. మలుపు తిరిగినప్పుడల్లా సూట్‌కేసులు వచ్చి నామీద వాలతాయి, నేను మోచేత్తో వాటిని వెనక్కి తోస్తాను. కాసేపటికి నోట్లో నీళ్ళూరడం మొదలవుతుంది.

ఆ సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. పెళ్ళయ్యాక మావారి ఊరికి వ్యానులో వెళ్ళాం. వెనక బెంచీమీద పెట్టెల మధ్య నన్ను కూర్చోబెట్టారు. ఎలా ఉన్నానో చూడ్డానికి కొత్త పెళ్ళికొడుకు అపురూపంగా వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన కొత్త చొక్కామీదే అంతా అయింది. వ్యానంతా ఒక్కసారి గొల్లుమంది. ముందు సీట్లోంచి మా మామగారు వెనక్కి తిరిగి, "కోడలికి మా సంబంధం అరగలేదేమోరా" అన్నారు. ఆయన మంచి హాస్యప్రియుడు. మరునాటికి నా చేతిలో వాసన చూసుకునే నిమ్మకాయ ఒకటి పెట్టారు, వారం తిరిగేసరికి ఆ ఇంట్లో నా పేరు నిమ్మకాయ. "నిమ్మకాయ ఎక్కిందా? అయితే బండి తియ్యి" అనేవారాయన పోయేదాకా. ఎవరింటికి వెళ్ళినా, నేను గుమ్మం దగ్గర తడిమొహంతో నిలబడితే ఆ ఇంటావిడ కళ్ళు మెరిపిస్తూ విశేషమా అని అడిగేది. మావారు ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవారు. "విశేషమేమీ లేదండీ, మా ఆవిడకి రోడ్డుంటే చాలు." అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అందరూ లోపల టీ తాగుతుంటే నేను బకెట్టూ సబ్బూ అడిగి తీసుకుని కారు దగ్గరకు పోయి, మొదట సీటు కడిగి, కాళ్ళకింద పట్టాలు ఎండలో వేసి, ఆ తర్వాత నా బట్టలు మార్చుకునేదాన్ని. ఎవరూ కడగమనలేదు. అలాగని వద్దని కూడా అనలేదు. మావారు కారు తలుపులన్నీ తీసిపెట్టి, గాలి ఆడాలని దూరంగా నిలబడేవారు.

షాపులోనూ అంతే. వ్యానులో ముందు సీటు సూపర్‌వైజరుగారిది. వెనక గుడ్డ చుట్టలమధ్య నేను. కస్టమరు గుమ్మంలో అడుగుపెట్టగానే నేను అడిగే మొదటి మాట, బాత్రూము ఎటండీ అని. ఒకసారి షాపు యజమాని నన్ను పిలిచి, కాస్త మొహం తేటగా ఉంచుకోవాలమ్మా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అన్నారు. కొండమీద కొత్తగా కట్టిన హోటలు కిటికీలన్నీ కొలిచే పని వచ్చినప్పుడు ముందు నన్నే అడిగారు. ఇంట్లో వీలుకాదని చెప్పి తప్పించుకున్నాను. ఆ ఘాటు రోడ్డు తలుచుకుంటేనే కడుపులో తిప్పింది. నా దగ్గర టేపు పట్టడం నేర్చుకున్న అమ్మాయి వెళ్ళింది, ఇప్పుడు ఆమెకు వేరే గది, వేరే బల్ల. నా ఒళ్ళే నాకు శత్రువనుకుని ఊరుకున్నాను. మనిషికో లోపం ఉంటుంది, నాది కాస్త అసహ్యమైనది, అంతే అనుకున్నాను. చేతిసంచిలో తాళంచెవులకన్నా ముందు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని.

ఆ ఆదివారం గడిచిన కొద్దిరోజులకు, ఊరవతల గుట్టల్లో కట్టిన ఒక ఇంటికి వెళ్ళాల్సొచ్చింది. సూపర్‌వైజరు సెలవు. వ్యాను వెనకభాగం నిండా కర్టెను రాడ్లు పడుకోబెట్టి ఉన్నాయి. డ్రైవరు వెనక తలుపు తీసి, చూసి, మూసేసి, "ముందుకొచ్చేయండి మేడం" అన్నాడు. అతనికి పన్నునొప్పి. దారంతా ఆ పన్ను గురించే చెప్పాడు, ఏ డాక్టరు ఏమన్నాడో, పీకించుకుంటే పక్క పళ్ళు వదులవుతాయా అని. నేను ఒక చేతిలో కవరు, ఒక చేతిలో నిమ్మకాయ పట్టుకుని, ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అని కాచుకు కూర్చున్నాను. రోడ్డు గుట్ట చుట్టూ మెలికలు తిరిగింది. ప్రతి మలుపూ రాకముందే నాకు కనబడుతోంది. ఇప్పుడు ఎడమకు పోతాం అనుకుంటే వ్యాను ఎడమకే పోతోంది. రోడ్డు పక్కన ఎవరో దుప్పట్లు ఆరేసుకున్నారు. పెళ్ళయ్యాక నేను రోడ్డును అంతసేపు చూడటం అదే మొదలు.

ఆ ఇంటికి చేరగానే అలవాటు చొప్పున బాత్రూము అడిగి వెళ్ళి, కుళాయి తిప్పి, అద్దంలో చూసుకున్నాను. మొహం పొడిగా ఉంది. కడుక్కోవడానికి ఏమీ లేదు. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఆ రోజు కిటికీలు ఎలా కొలిచానో, మళ్ళీ ఒకసారి కొలిస్తే గాని నమ్మకం కుదరలేదు. తిరుగు ప్రయాణంలో కావాలనే ముందు కూర్చున్నాను, కావాలనే ఏమీ పట్టుకోకుండా కూర్చున్నాను. ఏమీ కాలేదు. డ్రైవరు పన్ను పీకించుకోవడానికే నిశ్చయించుకున్నాడు.

ఇలాంటప్పుడు సంతోషం రావాలి కదా. నాకు సిగ్గొచ్చింది. ఒళ్ళంతా మంట పుట్టేలా వచ్చింది. కక్కుకున్నప్పుడు పడ్డ సిగ్గు వేరు, ఇది వేరు. వేలెడు తేడా వచ్చినా కర్టెను వేలాడదని పదిమందికీ చెప్పే దాన్ని, నా బతుకులో ఇంత చిన్న సంగతి కొలుచుకోలేకపోయాను. మా ఇంటి కారు ముందు సీట్లో మామగారు కూర్చున్నారు. ఆయన పోయాక అత్తగారు కూర్చున్నారు. ఆవిడ రానిరోజున, పిల్లకి రోడ్డు కనబడాలి అని మా అమ్మాయిని కూర్చోబెట్టారు, దాన్ని ఎక్కించి బెల్టు పెట్టింది నేనే. ఒకసారి మావారూ నేనూ ఇద్దరమే వచ్చాం, ఆరోజు ముందు సీట్లో ఆయన కొత్త కంప్యూటరు కూర్చుంది, కుదుపులకు పాడవుతుందని. నేను కక్కుతాను కాబట్టి వెనక కూర్చోబెట్టారు. వెనక కూర్చోబెట్టారు కాబట్టి కక్కాను. ఈ గానుగ చుట్టూ ఇన్నాళ్ళు తిరిగాను, అదీ నవ్వుకుంటూ, పైగా కారు కడుక్కుంటూ. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. నేను ముందు కూర్చుంటానండీ అని ఒక్కసారి అడిగితే మావారు ఏమనేవారో నాకిప్పటికీ తెలియదు, ఎందుకంటే ఎన్నడూ అడగలేదు. నా సిగ్గంతా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్తగారు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తిట్టే మనిషీ కాదు. మావారు ఆఫీసరుగారి కుటుంబాన్ని మన కారులోనే తీసుకెళ్దామని ప్రకటించిన రోజున, కోట మెట్లు నా మోకాళ్ళవల్ల కాదు, నన్ను వదిలేయండి అని తేల్చేసి, తన తెల్లబట్టలు తనే మడిచి లోపల పెట్టేసుకున్నారు. నేను చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుని కొన్ని కాయలు నావైపు లాక్కున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేననిపించి, వ్యాను సంగతి చెప్పాను. ముందు సీట్లో కూర్చుంటే నాకేమీ కాలేదత్తయ్యా, విచిత్రం కదా అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు. ఒక కాయ ఈనె తీశారు. ఇంకో కాయ తీశారు.

"అవును. ముందు కూర్చుంటే రాదు" అన్నారు.

మీకెలా తెలుసని అడిగాను.

"నాకూ అంతేగా. మీ మామగారు పోయాక తగ్గింది."

నాకు ఒక్కొక్కటే గుర్తురావడం మొదలైంది. పెళ్ళివ్యానులో మా ముందు బెంచీలో, మొదటినుంచి చివరిదాకా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషి. దుమ్ము పడదు అనేవారు. ప్రయాణం రోజున పొద్దుటినుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా, అడిగితే తలనొప్పి అనేవారు. మొదటిసారి నాకలా అయినప్పుడు, అందరూ నవ్వుతుంటే, ప్రయాణం రోజున తిని బయల్దేరతారా ఎవరైనా అని కసిరారు. అది కసురు కాదు. తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం నాకు చెప్పారు. నేను కక్కాను, ఆవిడ కక్కకుండా మింగారు, మా ఇద్దరికీ అంతే తేడా.

"చెప్పలేదేం నాకు?" అన్నాను. అడిగింది కోపంతోనే. ఆవిడకది తెలిసింది.

"చెప్తే నేను లేవాలి కదమ్మాయ్" అన్నారావిడ. ఈనెలన్నీ ఒకచోటికి పోగుచేస్తూ, ఇంకా మెల్లగా, "మోకాళ్ళు అంతేమీ నొప్పి లేవు. మెట్లెక్కగలను. మోకాళ్ళని చెప్పకపోతే ఆ సీటు ఉండనిస్తారా నాకు? ఇప్పుడు ఎలాగూ పోయింది, ఆఫీసరుగారిని వెనక కూర్చోమనలేం కదా. మళ్ళీ వెనక కూర్చోలేనమ్మాయ్. ఈ వయసులో, అందరి ముందూ..." అన్నారు.

ఆవిడ వాక్యం కూడా పూర్తికాలేదు. ఆ మిగిలిన ముక్క నాకు నోటికొచ్చు. ఆవిడ మొహంలో ఉన్నది నేను రోజూ మోసే సిగ్గే, నాకంటే పాతది, బాగా ఉతికి మడత పెట్టినది. కోపం తెచ్చుకుందామని చూశాను. ఉన్న ఒక్క సీటు కోసం లేని నొప్పి తెచ్చుకుని, చివరికి ఆ నొప్పివల్లే ఇంట్లో ఉండిపోతున్న మనిషిమీద ఎంతసేపని కోప్పడతాం. చిక్కుడుకాయలు అయిపోయాయి. సముద్రం చూశారా అత్తయ్యా అని అడిగాను. దగ్గర్నుంచి చూడలేదన్నారు.

మర్నాడు షాపులో భోజనాల వేళ ఫోను చేశాను. చేసిన ఫోన్లన్నీ నేనే చేశాను, ఇంకొకటి చెయ్యడం కష్టమేమీ కాదు. లాంచీ రేవుదాకా పెద్ద బస్సు ఒకటుంది. దాని మొదటి వరసలో, డ్రైవరుకు ఆ పక్క, ఎదురుగా అద్దం తప్ప ఏమీ అడ్డులేని చోట, సీట్లు ఉంటాయి. ఒకటి కాదు, రెండు. పక్కపక్కనే. అవే కావాలని, ఇంకేవీ వద్దని గట్టిగా చెప్పాను. అవతల మాట్లాడే అమ్మాయి ఎందుకండీ అంత పట్టుదల అని నవ్వింది. లాంచీలో ఎలా అని కూడా కనుక్కున్నాను. పైన ముందుభాగంలో గాలి తగిలేలా బెంచీ ఉందట, ముందొచ్చినవాళ్ళదట. బస్సు కారుకంటే ముందే చేరుతుంది. అయినా రావొచ్చు. సముద్రంమీద ఎవరికైనా రావొచ్చు. ఆఫీసరుగారి భార్య కళ్ళముందే రావొచ్చు. వస్తే వస్తుంది, సముద్రానికి అదేమన్నా కొత్తా. ఇలా అనుకున్నానే గాని, చేతిసంచిలో కవర్లు ఉన్నాయో లేదో మరోసారి చూసుకున్నాను. ఆ తర్వాత కెప్టెను ఇంటికి ఫోను చేసి, మేడమీద మూలగది ఎవరికీ ఇవ్వద్దు, నాకూ మా అత్తగారికీ అని చెప్పాను. మాటలో మాటగా ఆ కిటికీల వెడల్పు ఎంతో అడిగాను. ఆ ఇల్లు చూసుకునే అతను వెళ్ళి కొలిచి చెప్పాడు. నేననుకున్నంతే ఉన్నాయి.

శనివారం సాయంత్రం హాల్లో అందరూ ఉన్నారు. మా ఆడపడుచు నీలంరంగు టోపీలు రెండు తెచ్చి, ఏది బాగుందో చెప్పమని అద్దం ముందు తిరుగుతోంది. మావారు సూట్‌కేసులు దించి దుమ్ము దులపమన్నారు. నేను బీరువాలోంచి ఉండచుట్టిన నా తెల్ల చొక్కా తీసుకొచ్చి బల్లమీద పరిచి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాను.

"అదెందుకిప్పుడు?" అన్నారు మావారు.

నేనూ వస్తున్నానన్నాను. అత్తయ్య కూడా వస్తున్నారన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మా అత్తగారు టీవీకేసి చూస్తున్నారు. మోకాలిమీద ఉన్న చెయ్యి మాత్రం తీసి పక్కన పెట్టుకున్నారు.

ఆయన కాసేపు తెల్లబోయి, మళ్ళీ ఆ నెమ్మదైన గొంతే తెచ్చుకున్నారు. "అమ్మ ఎలా వస్తుంది, ఆ మెట్లూ అవీ. పైగా కారులో చోటేది?"

కారులో రావడం లేదని చెప్పాను. బస్సులో ముందు సీట్లు దొరికాయి, మేమిద్దరం దాంట్లో వచ్చేస్తాం, మీకంటే ముందే రేవు దగ్గరుంటాం అన్నాను. మేడమీద మూలగది మాదని కూడా అప్పుడే చెప్పేశాను, మళ్ళీ ధైర్యం చాలదేమోనని. మా అమ్మాయి ఫోను దించి నావైపు చూసింది. దానికి నా గురించి సిగ్గు పోయిందని నేననుకోను. కాని చూసింది.

"మరీ బాగుంది వదినా, బస్సేమిటి" అంటూ మా ఆడపడుచు టోపీ తీసి, ఎలాగైనా సర్దుకోవచ్చన్నట్టు వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. ముందు అన్నయ్య, ఆఫీసరుగారు. మధ్యలో ఆవిడ, వాళ్ళమ్మాయి, మనమ్మాయి. నాలుగో వేలో ఐదో వేలో ముడిచి, అక్కడ ఆగింది. తన తెల్ల ప్యాంటుకేసి ఒకసారి చూసుకుంది. నన్ను ఇంట్లో ఉండమన్న ఆ ఆదివారంనుంచి ఈ శనివారందాకా, ఆ కారులో ఇంకో సీటు ఉందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ముందుగా తేరుకున్నది మావారే. ఆయన మొహంలో కోపం లేదు, నిజంగా తెలియకే అడుగుతున్నారు.

"మరి వెనక సామాన్ల దగ్గర ఎవరు కూర్చుంటారు?"

ఇస్త్రీపెట్టె వేడెక్కింది. నా చొక్కా కాలరు మీదుగా మెల్లగా, మచ్చ పడకుండా పోనిచ్చాను.

"అదొక్కటీ నేను ప్లాన్ చెయ్యలేదండీ" అన్నాను.